కడుపుతో ఉన్న పిల్లికి ఫ్లీలు పడితే: ఏం చేయాలి, ఏం చేయకూడదు

వానలు మొదలైతే చాలు, నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. "మా పిల్లి కడుపుతో ఉందండీ, ఒంటి నిండా పురుగులు, మందు వేయొచ్చా?" అనేది ఒకటి. "కుక్కకి తెచ్చిన పౌడరు ఇంట్లో ఉంది, కాస్త చల్లితే పోతుందా?" అనేది రెండోది. మొదటిదానికి జవాబు: వేయొచ్చు, కానీ డాక్టరు చూసి చెప్పిన మందు మాత్రమే. రెండోదానికి జవాబు: వద్దు. ఆ డబ్బా పిల్లికి అందని చోట పెట్టొచ్చి మిగతాది చదవండి.

నేను డాక్టర్ని కాను. చాలా ఏళ్లుగా ఇంట్లోనూ వీధిలోనూ పిల్లుల్ని సాకుతూ, పొరపాట్లు చేస్తూ, డాక్టర్ల చేత చీవాట్లు తింటూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పురుగు సంగతి. జంతువు ఒంటి మీద ఏం కనిపించినా మనవాళ్లు పేలనో గోమార్లనో పిడుదులనో అనేస్తారు. మందు దగ్గర మాత్రం తేడా తెలియాలి. పిడుదు చర్మాన్ని కరిచిపట్టుకుని కదలకుండా ఉంటుంది, రక్తం తాగి గింజలా ఉబ్బుతుంది. ఫ్లీ అలా కుదురుగా ఉండదు. నువ్వు గింజకన్నా చిన్నగా, ముదురు గోధుమ రంగులో, పక్కల నుంచి నొక్కేసినట్టు పలచగా ఉంటుంది. వెంట్రుకల మధ్య పరుగు పెడుతుంది, వేలు పెట్టేలోపు గెంతేస్తుంది.

దీని గురించి ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఆడ ఫ్లీ రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, రోజుకి 20 నుంచి 50 దాకా పెడుతుంది. ఆ గుడ్లు వెంట్రుకలకి అంటుకోవు. ఉప్పు రవ్వల్లా జారి, పిల్లి పడుకున్న చోటల్లా రాలిపోతాయి. పశువైద్యులు చెప్పే అంచనా ప్రకారం, ఫ్లీలు పట్టిన ఇంట్లో పిల్లి ఒంటి మీద ఉండే పెద్ద పురుగులు మొత్తంలో 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లుగా, లార్వాలుగా (గుడ్డులోంచి వచ్చే పిల్ల పురుగులు), గూళ్లలో ప్యూపాలుగా (గూడు కట్టుకుని పెద్ద పురుగుగా మారే దశ) పరుపుల్లో, పట్టాల్లో, సందుల్లో ఉంటాయి.

కడుపుతో ఉన్న పిల్లికి ఇది ఒక రకంగా కలిసొచ్చే విషయమే. దాని ఒంటి మీద వీలైనంత తక్కువ చేద్దాం, ఇంట్లో వీలైనంత ఎక్కువ చేద్దాం. అదీ పిల్లలు పుట్టే లోపు. పుట్టినప్పుడు పిల్లి కూన బరువు 100 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. దాని ఒంట్లో ఉండే రక్తం మొత్తం రెండు టీస్పూన్లు కూడా కాదు. ఆ కాస్త రక్తాన్ని పది ఇరవై ఫ్లీలు రోజూ తాగుతుంటే ఏమవుతుందో ఊహించండి.

కావలసినవి

- పేల దువ్వెన. మా అమ్మమ్మ ఈర్పెన అనేది. పళ్లు దగ్గరదగ్గరగా ఉన్న స్టీలుదైతే మంచిది, పెట్ షాపులో ఫ్లీ కోంబ్ అని అడిగినా ఇస్తారు.
- గిన్నెడు గోరువెచ్చని నీళ్లు, అందులో నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్
- తెల్ల కాగితం, దూది లేదా టిష్యూ
- పాత నూలు చీర ముక్కలు లేదా తువ్వాళ్లు, కనీసం ఆరు
- బరువు చూసే మిషను
- వాక్యూమ్ క్లీనర్ ఉంటే సరే, లేకపోతే గట్టి చీపురు, తడిగుడ్డ, టార్చి
- ఒక నోటు పుస్తకం

ఈ జాబితాలో మందు లేదని గమనించారా? అది నాలుగో మెట్టు దాకా కొనొద్దు.

1. ఫ్లీలేనా కాదా తేల్చుకోండి

పిల్లిని తెల్ల కాగితం మీద నిలబెట్టి, నడుం నుంచి తోక మొదలు దాకా దువ్వండి. నల్లటి పొడి రాలుతుంది. దాన్ని తడి దూది మీద వేసి ఒక నిమిషం ఆగండి. చుట్టూ తుప్పు రంగు ఎరుపు పాకిందంటే అది ఫ్లీల రెట్ట, అంటే అరిగిన రక్తం. రంగు మారకపోతే మామూలు మట్టి. పురుగు ఒక్కటి కూడా కంటపడకపోయినా ఈ ఎరుపు కనిపిస్తే ఫ్లీలు ఉన్నట్టే. పిల్లులు ఒళ్లు నాకుతూ చాలా వరకు మింగేస్తాయి కాబట్టి "చూశాం, ఏం లేవు" అనే మాటని నేను నమ్మను.

పొడి లేదు, గోకుడు మాత్రం ఉంది, ఒంటి మీద గుండ్రంగా వెంట్రుకలు ఊడుతున్నాయి, చెవుల్లో కాఫీ పొడిలాంటి మురికి ఉంది అంటే అది తామరో చెవి పురుగులో కావచ్చు. దానికి ఈ మెట్లు పనికిరావు, డాక్టరుకి చూపించండి.

2. రోజులు లెక్కపెట్టండి

పిల్లి కడుపు మోసేది దాదాపు 63 నుంచి 65 రోజులు. ఎప్పుడు మొదలైందో మీకు తెలియకపోవచ్చు, దాని మానాన అది గోడ దూకి వచ్చి ఉంటుంది. గుర్తులు ఇవి: మూడో వారానికి చనుమొనలు గులాబీ రంగులోకి వస్తాయి. ఐదో వారానికి పొట్ట బయటికి తెలుస్తుంది. ఏడో వారం దాటాక, పడుకున్నప్పుడు పొట్ట మీద చేయి ఆనిస్తే కదలిక తగలొచ్చు. బీరువా వెనకా మంచం కిందా చోటు వెతుక్కుంటూ తిరుగుతోందంటే ఈనే రోజు దగ్గరపడినట్టే.

ఈనే రోజు అంచనా వేసి నోటు పుస్తకంలో రాయండి. దానికి రెండు వారాల ముందు తేదీని గుండ్రంగా చుట్టండి. ఇంట్లో పెద్ద పని ఆ చుట్టిన తేదీలోపు అయిపోవాలి. ఎందుకంటే ఫ్లీ ప్యూపాలు ఏ మందుకీ లొంగవు. మనం శుభ్రం చేసిన తర్వాత కూడా గూళ్లలోంచి కొత్త పురుగులు వారాల తరబడి బయటికొస్తూనే ఉంటాయి. ఆ వచ్చేవి వచ్చి చచ్చేందుకు కాస్త వ్యవధి కావాలి.

ఇప్పటికే ఆఖరి వారంలో ఉంటే కంగారు పడొద్దు. మూడు, ఎనిమిది మెట్లు ఈరోజే మొదలుపెట్టి, నాలుగో మెట్టుకి ఫోన్ చేయండి.

3. దువ్వండి, రోజూ

ఇది ఏ నెలలోనైనా, ఏ పిల్లికైనా చేయొచ్చు. అన్నం తిని బద్ధకంగా ఉన్న వేళ చూసుకోండి. ఒళ్లోనో పక్కనో పడుకోబెట్టుకుని మెడ చుట్టూ, గడ్డం కింద, చెవుల వెనక, నడుం చివర, తోక మొదలు దగ్గర దువ్వండి. దువ్వెనలో చిక్కిన పురుగుని వెంటనే సబ్బు నీళ్లలో ముంచండి. మామూలు నీళ్లలో అయితే తేలి ఒడ్డెక్కేస్తుంది, సబ్బు నీళ్లలో మునిగిపోతుంది. గోళ్ల మధ్య పెట్టి టక్కున నొక్కే అలవాటు మనకి పేల దగ్గర నుంచి వచ్చింది, ఇక్కడ ఆ సరదా వద్దు. ఫ్లీల ద్వారా వచ్చే బాక్టీరియా, బద్దె పురుగుల బీజాలు చేతికి అంటుకుంటాయి.

పొట్ట మీద దువ్వెన వాడొద్దు. చనుమొనలు సున్నితంగా ఉంటాయి, పళ్లు గుచ్చుకుంటాయి. అక్కడ వేళ్లతో వెంట్రుకలు పాయలు తీసి చూస్తే చాలు. మెడ పట్టి పైకి లేపడం, వెల్లకిలా తిప్పి నొక్కిపట్టడం కూడా వద్దు. పది నిమిషాలు దాటొద్దు. అది విసుక్కుని తోక కొడుతుంటే రెండు నిమిషాలకే వదిలేయండి, సాయంత్రం మళ్లీ చూడొచ్చు.

ఎన్ని పురుగులు చిక్కాయో రోజూ పుస్తకంలో రాయండి. ఈ అంకెలే తర్వాత పనికొస్తాయి.

స్నానం సంగతి అడుగుతారు. నీళ్లంటే భయపడని పిల్లి, ఆరు వారాల లోపు కడుపు అయితే, గోరువెచ్చని నీళ్లతో ఒకసారి చేయించొచ్చు. ముందు మెడ చుట్టూ నురగ పట్టీలా పెట్టాలి, లేకపోతే ఫ్లీలన్నీ తలకెక్కి కళ్లలో చెవుల్లో దూరతాయి. కానీ ఒళ్లంతా గోళ్లు చేసుకుని పెనుగులాడే పిల్లికి స్నానం అనవసరం. ఆ పెనుగులాటలో కడుపుకి దెబ్బ తగిలితే? ఆఖరి మూడు వారాల్లో ఎలాంటి పిల్లికీ వద్దు. పిండిన తడిగుడ్డతో తుడిచి దువ్వండి.

4. మందు: అడిగి, ఆ తర్వాతే కొనండి

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు మూడు విషయాలు రాసుకోండి: పిల్లి బరువు, ఎన్నో వారం కడుపు, ఇంతకుముందు వేసిన మందులు. బరువు చూడ్డం తేలిక. పిల్లిని ఎత్తుకుని మిషన్ ఎక్కండి, దించి మళ్లీ ఎక్కండి, తీసివేయండి.

డాక్టరు నోట మీరు వినే అవకాశం ఉన్న పేర్లు ఇవి. వీటిని మీరే కొనుక్కోవడానికి చెప్పట్లేదు, మాట అర్థం కావడానికి చెబుతున్నాను.

సెలామెక్టిన్. మెడ వెనక చర్మం మీద చుక్కలుగా వేసే మందు, రివల్యూషన్, స్ట్రాంగ్‌హోల్డ్ అనే పేర్లతో వస్తుంది. కడుపుతో ఉన్న పిల్లులకీ పాలిచ్చే పిల్లులకీ వాడొచ్చని దాని లేబులే చెబుతుంది. దొరికితే చాలామంది డాక్టర్ల మొదటి ఎంపిక ఇదే.

నైటెన్‌పైరమ్. చిన్న మాత్ర. అరగంటలో ఫ్లీలు చచ్చి రాలడం మొదలవుతుంది, కానీ దాని పని ఒకటి రెండు రోజులకి మించి ఉండదు. ఇది కూడా కడుపుతో ఉన్నవాటికి వాడదగినదే. గుడ్ల మీద పనిచేయదు.

ఫిప్రోనిల్. మన దగ్గర అన్ని పెట్ షాపుల్లో కనిపించేది ఇదే, చుక్కల మందుగానూ స్ప్రేగానూ. ఒక్కో కంపెనీ దీనిలో ఒక్కో మందు కలుపుతుంది, కడుపుతో ఉన్నవాటి గురించి లేబుల్ మీద రాసేదీ ఒక్కోలా ఉంటుంది. అందుకే "ఫిప్రోనిలే కదా" అని చేతికందింది తీసుకోకుండా, పెట్టె ఫొటో తీసి డాక్టరుకి చూపించండి. స్ప్రేలో ఆల్కహాలు ఉంటుంది: పొయ్యి దగ్గర, దీపం దగ్గర కొట్టొద్దు.

ఫ్లూరలానర్, ఎసాఫోక్సోలానర్ లాంటి కొత్త మందులు మంచివే. కానీ కడుపుతో ఉన్న పిల్లుల్లో వాటి భద్రత తేలలేదని లేబుల్ మీదే ఉంటుంది. ముఖ్యంగా, కుక్క నమిలే మాత్రని నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క పిల్లికి పెట్టడం మానండి.

ఐవర్‌మెక్టిన్ సూది వేస్తామని ఎవరైనా అంటే, ఫ్లీల మీద అది సరిగ్గా పనిచేయదు. గజ్జి పురుగులకి వాడే మందు అది. ఎందుకు వేస్తున్నారో అడగండి.

అన్నీ అయ్యాక డాక్టరు "మందు వద్దు, దువ్వండి చాలు" అని పంపించేయొచ్చు. తక్కువ పురుగులుంటే, ఈనే రోజు దగ్గరపడితే అదే సరైన సలహా. డబ్బులిచ్చి మందు లేకుండా వచ్చామని అనుకోవద్దు.

హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో పెంపుడు జంతువులకీ వైద్యం ఉంటుంది. ఊళ్లలో ఉన్నవాళ్లు పశువుల ఆసుపత్రిలో అడగడానికి మొహమాటపడొద్దు. అక్కడ గేదెల డాక్టరే ఉన్నా, పిల్లికి ఏ మందు విషమో ఆయనకి తెలుసు, షాపువాడికి తెలియకపోవచ్చు.

5. మందు వేసే రోజు

- లేబుల్ మీద "పిల్లులకు" అని ఉందా, బరువు సరిపోయిందా, తేదీ దాటలేదా మళ్లీ చూడండి. కుక్క బొమ్మ ఉంటే ఆగిపోండి.
- ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం లేదు.
- చుక్కల మందు అయితే పుర్రె కింద, మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి, తెల్లటి చర్మం కనిపించాక అక్కడ పిండండి. వీపు మధ్యలో వేస్తే మెడ తిప్పి నాకేస్తుంది. వెంట్రుకల మీద పోస్తే మందు వృథా.
- ఆరేదాకా వేరే పిల్లులు దాన్ని నాకకుండా విడిగా ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లలు దాన్ని ఎత్తుకోకుండా చూడండి.
- చేతులు సబ్బుతో కడుక్కోండి. తేదీ, టైము రాసుకోండి.
- ఆ రోజు దాన్ని కనిపెట్టుకుని ఉండండి. అందుకే ఆదివారం రాత్రి పదింటికి కాకుండా, ఆసుపత్రి తెరిచి ఉండే రోజు పొద్దున వేయండి.

కాస్త నాకి నోట్లో నురగ పెట్టుకుంటే చేదు వల్ల కావచ్చు. నీళ్లు పెట్టి చూడండి. పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే ఫోన్ చేయండి.

6. ఇల్లు

అసలు పని ఇది. మొదటిసారి నేను తప్పిందీ ఇక్కడే. చారల పిల్లి ఒకటి మా ఇంట్లోనే తిరిగేది. దానికి మందు వేశాం, పక్కబట్టలు ఉతికాం, వారానికి ఒళ్లు శుభ్రం. అటక మీద పాత బొంత ఒకటుందని, మధ్యాహ్నాలు అది అక్కడ పడుకుంటుందని నాకు తట్టలేదు. తీరా ఆ బొంత మీదే నాలుగు పిల్లల్ని పెట్టింది. పది రోజులకి పిల్లల చిగుళ్లు తెల్లబారాయి. ఇద్దరే మిగిలారు.

అందుకని ముందు రెండు రోజులు పిల్లి వెంట తిరిగి, అది పడుకునే ప్రతి చోటూ రాసుకోండి. దీవాన్, సోఫా వెనక సందు, బీరువా మీద అట్టపెట్టె, ఉతకాల్సిన బట్టల బుట్ట, గుమ్మం దగ్గర పట్టా, బియ్యం బస్తాల మధ్య, స్కూటర్ సీటు. తర్వాత:

ఉతకగలిగినవన్నీ వేడి నీళ్లలో ఉతకండి. 60 డిగ్రీల వేడి ఉంటే గుడ్లూ లార్వాలూ బతకవు. ఉతకలేని పరుపులు, దిండ్లు, బొంతలు వాక్యూమ్ చేసో దులిపో, ఎర్రటి ఎండలో రెండు పక్కలా తిప్పి వేయండి. లార్వాలకి వెలుగు, వేడి, పొడి గాలి పడవు. వానాకాలం ఇవి విజృంభించేది గాలిలో తేమ వల్లే. ఎండ లేని రోజుల్లో ఫ్యాను కింద ఆరేసి, ఎండ వచ్చిన రోజున బయట వేయండి.

మన ఇళ్లలో కార్పెట్లు తక్కువ, గచ్చు, టైల్సు, షాబాద్ బండలు ఎక్కువ. ఇది మన అదృష్టం. కానీ బండల మధ్య సందులు, గోడ మూలలు, మంచం కోళ్ల కింద పేరుకున్న దుమ్ము లార్వాలకి ఇల్లు. టార్చి వేసి చూస్తూ ఊడ్చి, తడిగుడ్డ పెట్టండి. ఊడ్చిన చెత్త ఇంట్లో డబ్బాలో వేయకండి, కవర్లో ముడేసి బయట పారేయండి. వాక్యూమ్ సంచీ కూడా అంతే.

మొదటి వారం రోజూ, తర్వాత మూడు వారాలు రోజు విడిచి రోజు. అవును, విసుగే. కానీ ఊడ్చిన అదురుకి ప్యూపాలు పగిలి పురుగులు బయటికొస్తాయి, మందు వేసిన పిల్లి ఒంటి మీదికి చేరి చస్తాయి. మనకి కావలసిందీ అదే.

పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలవాలనుకుంటే, పిల్లి కడుపుతో ఉందని ముందే చెప్పండి. వాళ్లు కొట్టే మందుల్లో చాలావరకు పిల్లులకి పడని రకమే. పిల్లిని వేరే ఇంట్లో ఉంచి, నేల పూర్తిగా ఆరి, గాలి ఆడాకే తేవాలి. ఆఖరి రెండు వారాల్లో ఇల్లు మార్చడం దానికి పెద్ద టెన్షన్, అప్పుడు ఈ ఆలోచన మానుకోండి.

7. మిగతా జంతువులు

ఇంట్లో కుక్క, ఇంకో పిల్లి ఉంటే వాటికీ అదే వారంలో మందు పడాలి. కుక్కకి పెర్మెత్రిన్ ఉన్న చుక్కల మందు వేసే అలవాటు ఉంటే డాక్టరుని అడిగి వేరేది మార్చండి. పిల్లి వచ్చి కుక్కని ఆనుకుని పడుకున్నా, దాని ఒళ్లు నాకినా ప్రమాదమే.

8. ఈనే చోటు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. అలికిడి, వాసన, పురుగులు, ఏది నచ్చకపోయినా తిప్పుతుంది. కాబట్టి చోటు మనమే ముందు సిద్ధం చేసి అలవాటు చేద్దాం.

కొత్త అట్టపెట్టె తీసుకోండి. అడుగున నాలుగు వరసల వార్తాపత్రికలు, పైన వేడి నీళ్లలో ఉతికి ఎండిన నూలు చీర ముక్క. ఫ్లీ గుడ్లు ఉన్న పాత బుట్టని "దానికి అలవాటు" అని మళ్లీ వాడొద్దు. వేపాకు, కలరా ఉండలు, కర్పూరం అందులో వేయొద్దు. డెట్టాల్, ఫినాయిల్‌తో కడగొద్దు, సబ్బు నీళ్లు చాలు.

పిల్లలు పుట్టాక మొదటి రెండు రోజులు తల్లిని కదిలించకండి. మూడో రోజు నుంచి, అది అన్నానికి లేచినప్పుడు పైగుడ్డ మార్చేయండి. అందుకే ఆరు ముక్కలు చెప్పాను. పిల్లల ఒంటి మీద మందు వేయొద్దు, నీళ్లు పోయొద్దు. తడిస్తే ఒళ్లు చల్లబడి చచ్చిపోతాయి. వెచ్చటి గదిలో ఒక్కొక్కదాన్నే తీసి పేల దువ్వెనతో రెండు సార్లు మెల్లగా దువ్వి, అరనిమిషంలో తల్లి దగ్గర పెట్టేయండి. పురుగులు మరీ ఎక్కువగా ఉంటే డాక్టరు దగ్గరికే. పసివాటికి ఏది, ఎంత, ఎన్ని వారాల వయసులో వేయాలో ఆయనే చెప్పాలి.

జనం ఎక్కువగా చేసే తప్పులు

*కుక్క పౌడర్లు, పశువుల మందు.* పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్: చివర "మెత్రిన్" అని వినిపిస్తే పిల్లికి దూరం. వీటిని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగ్గా లేదు. గేదెల పిడుదులకి నీళ్లలో కలిపి కొట్టే బ్యూటాక్స్ డెల్టామెత్రినే. కుక్కల, పశువుల పిడుదులకి వాడే అమిట్రాజ్ కూడా పిల్లికి పడదు. "కుక్కకైనా పిల్లికైనా ఒకటేనండీ" అని ఒక కొట్లో నాకే చెప్పారు. ఒకటి కాదు.

*మనుషుల మందులు.* కొన్ని పేల షాంపూల్లో, గజ్జి క్రీముల్లో ఉండేది పెర్మెత్రినే. చీమల చాక్‌పీసు, దోమల స్ప్రే కూడా ఈ కుటుంబమే.

*సీతాఫలం గింజల పొడి.* తలలో పేలకి మన ఊళ్లలో ఇప్పటికీ రాస్తారు. కంట్లో పడితే మనిషి కన్నే దెబ్బతింటుంది. ఒళ్లంతా నాకే పిల్లికి, అందులోనూ కడుపుతో ఉన్నదానికి, ఆ ఆలోచనే వద్దు.

*కిరోసిన్, వేపనూనె, టీ ట్రీ ఆయిల్, వెల్లుల్లి.* "నేచురల్" అని పెద్దక్షరాలతో రాసి ఉన్నా సరే. పిల్లి ఒంటికి పూసింది ఏదైనా గంటలో కడుపులోకి పోతుంది.

*సాంబ్రాణి పొగ.* ఇల్లు సువాసనగా ఉంటుంది. ఫ్లీలకి ఏమీ కాదు, పిల్లికి దగ్గు.

*వారానికే "మందు పనిచేయలేదు" అని ఇంకోటి వేయడం.* అన్నిటికన్నా ఎక్కువగా చూసేది ఇదే. ప్యూపాల్లోంచి కొత్తవి వస్తుంటాయని చెప్పాను కదా, మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు, అడపాదడపా కనిపిస్తాయి. రెండు మందులు ఒంట్లో కలిస్తే ఏమవుతుందో చెప్పలేం. డాక్టరు రాసిన వ్యవధి ప్రకారమే రెండో మోతాదు.

పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి

నోటు పుస్తకం తీయండి. దువ్వెనలో చిక్కే పురుగులు మొదటి వారం చివరికి బాగా తగ్గాలి. రెండో వారం మధ్యలో కాస్త పెరగొచ్చు, అది కొత్తగా పుట్టినవి. నాలుగో వారానికి వరసగా ఐదు రోజులు సున్నా రావాలి. తడి దూది పరీక్ష వారానికోసారి చేయండి: ఎరుపు రాకపోతే రక్తం తాగేవి లేనట్టు.

ఇంటికి రెండు పరీక్షలు. తెల్ల సాక్సులు మోకాళ్ల దాకా వేసుకుని పిల్లి పడుకునే చోట్ల ఐదు నిమిషాలు తిరగండి, ఉంటే ఎక్కేస్తాయి, తెలుపు మీద ఇట్టే కనిపిస్తాయి. రాత్రి వెడల్పు పళ్లెంలో సబ్బు నీళ్లు పోసి, పైన చిన్న బల్బు వేసి ఉంచండి. పొద్దున పళ్లెంలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. ఈ పళ్లెం ఫ్లీలని నిర్మూలించదు, ఇంకా ఉన్నాయా లేవా అన్నది మాత్రం చెబుతుంది.

పిల్లి తోక కిందా, పక్కబట్టల మీదా బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే బద్దె పురుగులు. ఎక్కువగా ఫ్లీని మింగడం వల్లే వస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు ఏ నట్టల మందు వేయాలో కూడా డాక్టరునే అడగండి.

ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఒక మాట. టాక్సోప్లాస్మా (కడుపులో బిడ్డకి హాని చేయగల సూక్ష్మజీవి) ఫ్లీల వల్ల రాదు, పిల్లి మలం వల్ల రావచ్చు. పిల్లి ఇసుక పెట్టె పని ఇంట్లో వేరేవాళ్లకి అప్పగించండి, దువ్వే పని కూడా వాళ్లకే ఇవ్వండి.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి

మందు తగిలిన తర్వాత వణుకు, కండరాలు ఎగరడం, చొంగ కారడం, తూలడం, ఫిట్స్ కనిపిస్తే విషం ఎక్కినట్టు. బయల్దేరడానికి బండి సిద్ధమయ్యేలోపు గోరువెచ్చని నీళ్లు, గిన్నెల లిక్విడ్‌తో ఆ మందు కడిగేసి, తువ్వాలులో చుట్టి తీసుకెళ్లండి. వేడి నీళ్లు వాడొద్దు. వాంతి చేయించొద్దు, పాలు పట్టొద్దు. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం, దాని జోలికి పోవద్దు.

పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు ఉండాలి. కాగితంలా తెల్లగా ఉంటే రక్తం తగ్గిపోయింది, తల్లికైనా పిల్లకైనా ఆ రోజే చూపించాలి. ఈనే రోజుకి ముందే రక్తం కనిపించినా, ఒక రోజంతా తిండి ముట్టకపోయినా, నొప్పులు పడుతూ పిల్ల బయటికి రాకపోయినా అంతే.

గ్రామాల్లో 1962 కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. అది ప్రధానంగా పాడి పశువుల కోసం పెట్టింది కాబట్టి ఫోన్‌లోనే "పిల్లి, కడుపుతో ఉంది, ఫలానా మందు తగిలింది" అని చెప్పి, దగ్గర్లో ఎవరు చూస్తారో అడగండి. వెళ్లేటప్పుడు మందు డబ్బా మర్చిపోవద్దు. సగం చిరిగిన లేబుల్ అయినా సరే, డాక్టరు మొదట అడిగేది అదే.